అరవైకి సున్నా: అనిరుధ్ జగన్నాథ్ రాజకీయ జీవితం

మారిషస్ ప్రధాన దీవిలో ఇరవై నియోజకవర్గాలున్నాయి. ఒక్కో నియోజకవర్గం నుంచి ముగ్గురేసి సభ్యులు ఎన్నికవుతారు. అంటే మొత్తం అరవై మంది. ఈ అరవై స్థానాలూ ఒకే కూటమికి దక్కి, ఎదుటి పక్షానికి ఒక్కటీ మిగలకపోవడం అక్కడ మూడుసార్లు జరిగింది: 1982లో, 1995లో, 2024లో. మొదటిసారి గెలిచిన కూటమి ప్రధాని అభ్యర్థి అనిరుధ్ జగన్నాథ్. రెండోసారి ఓడిన ప్రధాని కూడా ఆయనే. మూడోసారి ఓడిన ప్రధాని ఆయన కుమారుడు ప్రవింద్. ఒక్క ఇంట్లోనే ఇంత గెలుపూ ఇంత ఓటమీ కనిపించే దేశాలు అరుదు.

2021 జూన్ 3న, 91 ఏళ్ల వయసులో జగన్నాథ్ కన్నుమూసినప్పుడు వెలువడిన నివాళుల్లో ఎక్కువగా వినిపించిన మాట ‘మారిషస్ ఆర్థిక అద్భుతానికి పితామహుడు’. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే అది ఆయన జీవితంలో తేలిగ్గా పొగడగల భాగాన్ని మాత్రమే చూపిస్తుంది. మూడు విడతల్లో కలిపి పద్దెనిమిదేళ్లకు పైగా ప్రధానిగా, మధ్యలో ఎనిమిదేళ్లకు పైగా దేశాధ్యక్షుడిగా ఉన్న మనిషి అసలు సామర్థ్యం ఆర్థికశాస్త్రంలో లేదు. దేశంలోని ప్రధాన పార్టీలన్నింటితోనూ ఏదో ఒక కాలంలో కలిసి, ఏదో ఒక కాలంలో విడిపోయి కూడా ప్రభుత్వ విధానాల దారి తప్పకుండా చూసుకోవడంలో ఉంది. పొత్తులు చీలినంత తరచుగా విధానాలు మారి ఉంటే, ఆ చిన్న దీవి ఆర్థిక వ్యవస్థ తట్టుకునేది కాదు.

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, జనాభా పన్నెండున్నర లక్షల దాకా. మన దగ్గర ఒక మధ్యస్థమైన జిల్లా కంటే చిన్నది. అక్కడ రాజకీయ నాయకులు ఒకే బడిలో చదివి, ఒకే కోర్టులో వాదించి, పెళ్లిళ్లలో ఒకే వరుసలో కూర్చుంటారు. నిన్నటి శత్రువుతో రేపు పొత్తు కుదుర్చుకోవడం అక్కడ సిద్ధాంతాల కంటే సంఖ్యలకు సంబంధించిన వ్యవహారం. దీనికి రాజ్యాంగం మరో మెలిక పెట్టింది. జనాభాను హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, మిగతా ‘సాధారణ జనాభా’ అని నాలుగుగా విభజించి, ఎన్నికల్లో తగిన ప్రాతినిధ్యం దక్కని వర్గాలకు ఓడినవారిలో మెరుగైన అభ్యర్థుల నుంచి ఎనిమిది వరకు అదనపు స్థానాలు కేటాయిస్తుంది. అరవైకి సున్నా వచ్చినా సభలో ప్రతిపక్షం గొంతు పూర్తిగా మూగబోకపోవడానికి ఈ ఏర్పాటే కారణం. తెలుగు, తమిళ, మరాఠీ మూలాలవారు రాజ్యాంగం లెక్కలో హిందువుల కిందికే వస్తారు. కానీ టికెట్లు పంచేటప్పుడు, మంత్రివర్గం కూర్చేటప్పుడు ఎవరి వాటా వారు అడుగుతారు. ఈ లెక్కలు తెలియని నాయకుడు ఆ దీవిలో రెండు ఎన్నికలు నెట్టుకు రాలేడు.

1930 మార్చి 29న, భోజ్‌పురి మాట్లాడే కుటుంబంలో పుట్టిన జగన్నాథ్ 1950ల ప్రారంభంలో లండన్ వెళ్లి న్యాయశాస్త్రం చదివారు. తిరిగివచ్చి న్యాయవాద వృత్తి చేపట్టి, 1963లో ఉత్తరాదిన ఉన్న రివియేర్ దు రాంపార్ నుంచి శాసనమండలికి ఎన్నికయ్యారు. అప్పట్లో ఆయనది బిసూన్‌దయాల్ సోదరుల ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్. 1965లో మారిషస్ స్వాతంత్ర్యంపై లండన్‌లో జరిగిన రాజ్యాంగ సమావేశానికి వెళ్లిన ప్రతినిధుల్లో ఆయన ఒకరు. ఆ ప్రయాణం ప్రాధాన్యం అర్ధశతాబ్దం తరువాత గానీ తేలలేదు. కొంతకాలం మంత్రిగా పనిచేసి 1967లో రాజీనామా చేశారు. ఆ ఏడాది ఆగస్టులో జరిగిన ఎన్నికలను, అంటే స్వాతంత్ర్యం కావాలా వద్దా అన్నట్టు సాగిన ఎన్నికలను, వదిలేసి మేజిస్ట్రేటు ఉద్యోగంలో చేరారు. ఆ ఎన్నికల్లో దాదాపు 44 శాతం మంది స్వాతంత్ర్యాన్ని వ్యతిరేకించిన పార్టీకి ఓటు వేశారు. 1968 మార్చి 12న జెండా ఎగిరే నాటికి దేశం అంత చీలి ఉంది.

ఆయన రాజకీయాల్లోకి తిరిగివచ్చింది వామపక్ష ధోరణి గల ‘మారిషస్ మిలిటెంట్ ఉద్యమం’ ద్వారా. ఎంఎంఎం అని పిలిచే ఆ పార్టీకి మేధస్సు, సంఘటన శక్తి పాల్ బెరాంజేవి. ఫ్రెంచి సంతతికి చెందిన బెరాంజేను, హిందువులు మెజారిటీగా ఉన్న దేశం ప్రధానిగా ఒప్పుకుంటుందా అన్నది అప్పటి ప్రశ్న. అందుకే ముందు వరుసలో జగన్నాథ్‌ను నిలబెట్టారు. 1976 ఎన్నికల్లో ఎంఎంఎం 34 స్థానాలతో అతిపెద్ద పార్టీగా వచ్చినా, శివసాగర్ రాంగులాం లేబర్ పార్టీ తన పాత ప్రత్యర్థి గైటన్ దువాల్ పార్టీతో చేతులు కలిపి అధికారం నిలుపుకుంది. జగన్నాథ్ ఆరేళ్లు ప్రతిపక్ష నేతగా కూర్చున్నారు. ఓట్లు ఎన్ని వచ్చాయన్న దానికంటే ఎవరితో కలిశామన్నదే అధికారాన్ని నిర్ణయిస్తుందన్న పాఠం ఆ ఆరేళ్లలో ఆయనకు బాగా ఒంటబట్టింది.

1982 జూన్‌లో హరీష్ బూధు సోషలిస్టు పార్టీతో కలిసి ఎంఎంఎం అరవైకి అరవై గెలిచింది. స్వాతంత్ర్య పోరాట నాయకుడు రాంగులాం సైతం ఓడిపోయారు. జగన్నాథ్ ప్రధాని అయ్యారు. అంత గెలుపు ఏడాది కూడా నిలవలేదు. ఆర్థిక మంత్రిగా బెరాంజే ప్రవేశపెట్టిన పొదుపు చర్యలు, ప్రధాని అధికారాలు తగ్గించాలని ఆయన పట్టిన పట్టు, 1983 స్వాతంత్ర్య దినాన జాతీయ గీతాన్ని జనం వాడుక భాష క్రియోల్‌లో ప్రసారం చేయడంపై చెలరేగిన వివాదం, అన్నీ కలిసి ప్రభుత్వాన్ని చీల్చాయి. మంత్రుల్లో ఎక్కువమంది బెరాంజే వెంట వెళ్లారు. ఆ సంక్షోభంలో భారత నౌకాదళం జోక్యానికి సిద్ధపడి, చివరికి వెనక్కి తగ్గిందని పరిశోధకులు తరువాత రాశారు. జగన్నాథ్ ‘మిలిటెంట్ సోషలిస్టు ఉద్యమం’ (ఎంఎస్ఎం) పేరుతో కొత్త పార్టీ పెట్టి, ఏడాది కిందట తాను తుడిచిపెట్టిన లేబర్ పార్టీనీ, దువాల్ పార్టీనీ పక్కన చేర్చుకుని ఆగస్టులో మళ్లీ గెలిచారు. ఓడించిన రాంగులాంనే ఆ ఏడాది చివర గవర్నర్ జనరల్ పదవిలో కూర్చోబెట్టారు. దీన్ని సంస్కారం అనవచ్చు, లేబర్ ఓట్లను తనవైపు కట్టేసుకునే తెలివి అనవచ్చు. రెండూ కాదనడానికి ఆధారం లేదు.

ఇక ఆ ఆర్థిక అద్భుతం మాట. 1960ల మొదట్లో బ్రిటిష్ ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ మారిషస్ భవిష్యత్తు గురించి నిరాశగానే రాశారు. చెరకు తప్ప మరేమీ లేదు, జనాభా పెరిగిపోతోంది, తుపాన్లు వచ్చి ఉన్న పంటనూ ఊడ్చుకుపోతాయి. 1980ల ప్రారంభానికి నిరుద్యోగం ఇరవై శాతం దాకా చేరింది. అప్పు కోసం ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి గుమ్మం ఎక్కింది, మారిషస్ రూపాయి విలువను 1979లో ఒకసారి, 1981లో మరోసారి తగ్గించింది. ఆ దశాబ్దం ముగిసేసరికి పనిచేయడానికి మనుషులు దొరకని పరిస్థితి. ఎగుమతి వస్త్ర పరిశ్రమల్లో ఉద్యోగాలు పాతిక వేలకు లోపు నుంచి దాదాపు తొంభై వేలకు పెరిగాయి. వాటిలో అత్యధికం ఆడవాళ్లవి. చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తల్లుల కూతుళ్లు కుట్టు మిషన్ల ముందు కూర్చుని నెల జీతం తెచ్చుకున్నారు. మారిషస్ ఇళ్లలో వచ్చిన అసలు మార్పు అక్కడే మొదలైంది.

అయితే దీని పునాదుల్లో చాలా భాగం జగన్నాథ్ వేసినవి కావు. ఎగుమతి పరిశ్రమలకు ప్రత్యేక రాయితీల చట్టం 1970లో రాంగులాం హయాంలో వచ్చింది. 1975 నాటి ఒప్పందం ద్వారా ఐరోపా దేశాలు ఏటా సుమారు ఐదు లక్షల టన్నుల మారిషస్ చక్కెరను అంతర్జాతీయ ధర కంటే మెరుగైన ధరకు కొనేవి. ఆ లాభం చెరకు యజమానుల ద్వారా బట్టల మిల్లుల్లోకి పెట్టుబడిగా వెళ్లింది. సంపన్న దేశాలు ఆసియా వస్త్రాలపై పెట్టిన కోటాల వల్ల, కోటా మిగిలి ఉన్న మారిషస్‌కు హాంకాంగ్ వ్యాపారులు తరలి వచ్చారు. హాంకాంగ్ 1997లో చైనాకు వెళ్లిపోతుందన్న భయం కూడా వాళ్లను కదిలించింది. చౌక ఫ్యాక్టరీలకు అనువైన ఆ కాలం ఎప్పటికీ ఉండదని, కోటాలు 2004 చివర రద్దయినప్పుడు మూతబడిన మిల్లులు చూపించాయి.

మరి జగన్నాథ్ చేసినదేమిటి? బెరాంజే మొదలుపెట్టిన పొదుపు బాటను, బెరాంజేతో తెగతెంపులయ్యాక కూడా వదలలేదు. ఆర్థిక శాఖను 1983 నుంచి 1990 వరకు విష్ణు లక్ష్మీనారాయుడికి అప్పగించారు. పన్నులు తగ్గాయి, ఎగుమతిదారులకు అనుమతులు సులభమయ్యాయి. అదే సమయంలో ఉచిత విద్యను, ఉచిత వైద్యాన్ని, వృద్ధాప్య పింఛనును, బియ్యం, గోధుమ పిండిపై రాయితీలను ఎత్తేయమన్న ఒత్తిడికి లొంగలేదు. అప్పులిచ్చినవారి షరతుల్లో తనకు పనికొచ్చినవి తీసుకుని, ఓటరు క్షమించనివి పక్కన పెట్టగలగడం అనేక ఆఫ్రికా దేశాల నాయకులకు సాధ్యం కాని పని. ఆయన అది చేశారు. అద్భుతం అనే పదం కంటే ఈ ఎంపికకే ఎక్కువ గౌరవం దక్కాలి.

ఆ వెలుగుకు నీడలు లేకపోలేదు. 1985 చివరి రోజున, ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో నలుగురు పాలకపక్ష శాసనసభ్యులు హెరాయిన్ రవాణా కేసులో అరెస్టయ్యారు. డబ్బు వచ్చిన దీవిలోకి మత్తుమందూ వచ్చిందని, అది అధికారానికి చాలా దగ్గరగా చేరిందని దేశమంతా ఉలిక్కిపడింది. విచారణ సంఘం వేశారు, 1987 ఎన్నికల్లో మళ్లీ గెలిచారు. ఓటరు అప్పటికి జీతం వైపు చూశాడు.

భారతదేశంతో జగన్నాథ్ బంధం గురించి చెప్పేటప్పుడు నివాళి రచయితలు అక్కడి పవిత్ర సరస్సు గంగా తలావ్, రామాయణం, తాతముత్తాతల ఓడల దగ్గర ఆగిపోతుంటారు. లెక్కల పుస్తకం తెరిస్తే మరో సంగతి కనిపిస్తుంది. ఆయన ప్రధాని అయిన రెండు నెలలకే, 1982 ఆగస్టులో, ఇందిరా గాంధీ పర్యటన సందర్భంగా రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం కుదిరింది. వాటాలు అమ్మగా వచ్చిన లాభంపై పన్ను వేసే హక్కు అమ్మినవారు నివసించే దేశానిదే అన్న నిబంధన అప్పట్లో ఎవరి కంటా పెద్దగా పడలేదు. 1991లో భారత్ తలుపులు తెరిచాక, 1992లో మారిషస్ విదేశీ వ్యాపార సంస్థల కోసం ప్రత్యేక చట్టం తెచ్చాక, ఆ నిబంధన బంగారు గనిగా మారింది. మారిషస్‌లో ఆ లాభంపై పన్నే లేదు. ఫలితంగా 2000 తరువాత చాలా ఏళ్లపాటు భారత్‌లోకి వచ్చిన విదేశీ ప్రత్యక్ష పెట్టుబడిలో సుమారు మూడో వంతు ఆ చిన్న దీవి చిరునామాతోనే వచ్చింది. ఆ డబ్బులో కొంత భారతీయుల సొంత డబ్బే చుట్టు తిరిగి వస్తోందన్న ఆరోపణ ఢిల్లీని ఏళ్ల తరబడి వెంటాడింది. చివరికి 2016 మే 10న ఒప్పందాన్ని సవరించారు. 2017 ఏప్రిల్ నుంచి కొన్న వాటాల లాభంపై భారత్ పన్ను వేసుకోవచ్చు. అప్పుడు రాజధాని పోర్ట్ లూయీలో ప్రధాని కుర్చీలో ఉన్నది కూడా జగన్నాథే. ఆ సౌకర్యం పుట్టినప్పుడూ, పోయినప్పుడూ ఆయనే ఉన్నారు.

దానికి బదులుగా అన్నట్టు, అదే కాలంలో భారత్ నుంచి 35 కోట్ల డాలర్లకు పైగా సహాయం వచ్చింది. మెట్రో రైలు, సుప్రీంకోర్టు భవనం ఆ డబ్బుతో మొదలైనవే. 2015 మార్చిలో ఉత్తరాన ఉన్న అగలేగా దీవుల్లో రన్‌వే, జెట్టీ కట్టేందుకు ఒప్పందం కుదిరింది. 2024లో అవి ప్రారంభమయ్యాయి. అగలేగా పని ఎవరి అవసరం కోసమన్న చర్చ మారిషస్‌లో ఇంకా సాగుతోంది. భారత ప్రభుత్వం 2020లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. మరణించినప్పుడు ఒక రోజు జాతీయ సంతాపం పాటించింది. ఈ గౌరవాల వెనుక వంశ బంధుత్వం ఎంతో, హిందూ మహాసముద్రంలో రేవుల అవసరం అంతే.

తెలుగువారికి ఆయన పాలనలోని రెండు ఘట్టాలు నేరుగా తగులుతాయి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి పందొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల కూలీకి వెళ్లినవారి సంతానం ఇవాళ మారిషస్ జనాభాలో నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లోనే జరిగాయి. అది వేడుక. రెండోది వేడుక కాదు, ఆయన ప్రభుత్వాన్ని కూల్చిన వ్యవహారం.

మారిషస్ పిల్లలు అప్పట్లో ప్రాథమిక విద్య చివర సీపీఈ అనే పరీక్ష రాసేవారు. అందులో వచ్చిన ర్యాంకును బట్టే పేరున్న కాలేజీల్లో సీటు. పదకొండేళ్ల పిల్లల మీద ఎంసెట్ అంతటి ఒత్తిడి. హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, చైనీస్ వంటి ‘ప్రాచ్య భాషలు’ బడిలో చెప్పేవారు కానీ వాటి మార్కులు ర్యాంకులో కలిసేవి కావు. కలపాలని జగన్నాథ్ ప్రభుత్వం పట్టుబట్టింది. తాతల భాష నేర్చుకుంటున్న పిల్లవాడికి దాని ఫలితం దక్కాలన్నది ఆ వాదన, అందులో న్యాయం ఉంది. కానీ ఇంట్లో క్రియోల్ మాత్రమే మాట్లాడే, ఆఫ్రికా మూలాల క్రైస్తవ కుటుంబాల పిల్లలకు అలా చెప్పుకోవడానికి మరో భాష లేదు. వాళ్ల మాతృభాషకు అప్పట్లో బడిలో చోటే లేదు. పోటీలో వాళ్లు అసలే వెనకబడి ఉన్నారు, ఈ మార్పుతో మరింత వెనకబడతారు. 1995లో రాజ్యాంగ సవరణ బిల్లు తగినంత మెజారిటీ లేక వీగిపోయింది. జగన్నాథ్ సభను రద్దుచేసి, భాషల అంశంతోనే ప్రజల ముందుకు వెళ్లారు. డిసెంబరులో శివసాగర్ రాంగులాం కుమారుడు నవీన్ రాంగులాం, బెరాంజే కూటమి అరవై స్థానాలూ గెలుచుకుంది.

ఆ ఓటమికి భాష ఒక్కటే కారణం కాదు. పదమూడేళ్ల పాలనపై విసుగు, పొత్తు పెట్టుకోవడానికి పెద్ద పార్టీ ఏదీ మిగలకపోవడం అంతకంటే పెద్ద కారణాలు. అయినా భారతీయ సంతతి ఓటర్లు అత్యధికంగా ఉన్న గ్రామీణ నియోజకవర్గాలు సైతం ఆయన్ను ఓడించాయి. మన భాష మార్కుల కోసం పోరాడుతున్నానన్న నాయకుణ్ణి ఆ భాషలవాళ్లే కాదన్నారు. వంశ భాషపై అభిమానం ఓటుగా మారుతుందన్న అంచనా ఎంత బలహీనమైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

సొంత స్థానాన్ని కూడా పోగొట్టుకున్న ఆయన కథ అక్కడితో ముగియాలి. 2000లో, డెబ్బై ఏళ్ల వయసులో, పదిహేడేళ్ల కిందట విడిపోయి, మధ్యలో 1990ల మొదట్లో కలిసి మళ్లీ విడిపోయిన బెరాంజేతో మూడోసారి ఒప్పందం కుదుర్చుకున్నారు. మొదటి మూడేళ్లు జగన్నాథ్ ప్రధాని, తరువాతి రెండేళ్లు బెరాంజే. ఇలాంటి ఒప్పందాలు ఎలా ముగుస్తాయో ఉపఖండం పాఠకులకు చెప్పనక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నవారు గడువు వచ్చేసరికి దిగరు. జగన్నాథ్ 2003 సెప్టెంబరు 30న దిగిపోయారు, బెరాంజే ప్రధాని అయ్యారు. అక్టోబరులో జగన్నాథ్ అధ్యక్షుడయ్యారు. హిందువు కాని వ్యక్తి మారిషస్ ప్రధాని కావడం అదే మొదటిసారి. 1982లో జరగదనుకున్నది ఇరవై ఒక్క ఏళ్ల తరువాత, ఏ అల్లరీ లేకుండా జరిగింది. ఆయన జీవితంలో ఒకే ఒక్క నిర్ణయాన్ని ఎంచి గౌరవించాలంటే, ఫ్యాక్టరీల కంటే దీనికే ఓటు వేయాలనిపిస్తుంది. ఆ ఏళ్లలోనే భారత రుణంతో ఎబెన్ సైబర్ నగరం పని మొదలైంది. వస్త్రాలు పోయినా మారిషస్ నిలబడిందంటే అలాంటి ముందుచూపు పనులు కొంత కారణం.

అధ్యక్ష భవనంతోనైనా ఆగి ఉంటే మచ్చలు తగ్గేవి. కుమారుడు ప్రవింద్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, కుటుంబానికి సంబంధమున్న మెడ్‌పాయింట్ ఆసుపత్రిని ప్రభుత్వం కొన్న వ్యవహారం 2011లో కూటమిని చీల్చింది. ప్రవింద్‌కు 2015లో కింది కోర్టు శిక్ష వేసింది, 2016లో సుప్రీంకోర్టు నిర్దోషిగా తేల్చింది, 2019లో మారిషస్‌కు తుది అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఆ తీర్పును సమర్థించింది. జగన్నాథ్ 2012 మార్చిలో అధ్యక్ష పదవి వదిలి రాజకీయాల్లోకి దిగారు. 2014 డిసెంబరులో నవీన్ రాంగులాం, బెరాంజే కలిసి, బలమైన అధ్యక్ష పదవితో ‘రెండో రిపబ్లిక్’ తెస్తామని వచ్చారు. రెండు పెద్ద పార్టీల ఓట్లు కూడితే గెలుపు ఖాయమని అందరూ లెక్కగట్టారు. 84 ఏళ్ల జగన్నాథ్ కూటమికి, రోడ్రిగ్స్ దీవి స్థానాలతో కలిపి ఉన్న 62లో, 47 స్థానాలు వచ్చాయి. జీవితమంతా పొత్తుల లెక్కతో గెలిచిన మనిషి, చివరిసారి ఆ లెక్కను ఓడించి గెలిచారు.

గెలిచాక వృద్ధాప్య పింఛనును నెలకు ఐదు వేల మారిషస్ రూపాయలకు పెంచారు. 2015 ఏప్రిల్‌లో బ్రామర్ బ్యాంకు లైసెన్సు రద్దుచేసి, దాని మాతృ సంస్థ బీఏఐని ప్రభుత్వ అధీనంలోకి తెచ్చారు. అవకతవకలను ఆపామని ప్రభుత్వం అంది, రాత్రికి రాత్రి వేల కుటుంబాల పొదుపును గాలిలో పెట్టారని బాధితులు అన్నారు. రెండో ఆర్థిక అద్భుతం తెస్తామన్న ప్రకటన కాగితం దాటలేదు. 2017 జనవరి 23న, ఎన్నికలకు వెళ్లకుండా, ప్రధాని పదవిని కుమారుడికి అప్పగించారు. రాజ్యాంగం ప్రకారం అందులో తప్పు లేదు, సభలో మెజారిటీ ఎవరికి ఉంటే వారే ప్రధాని. కానీ బెరాంజేకు పదవి అప్పగించేముందు ఆ ఏర్పాటును 2000 ఎన్నికల్లో ఓటరు ముందు పెట్టారు. 2014లో కుమారుడి సంగతి అలా చెప్పలేదు. మారిషస్ వీధులు దీనికి ‘నాన్న–బాబు ఒప్పందం’ అనే అర్థం వచ్చే క్రియోల్ పేరు పెట్టుకుని చాలాకాలం నవ్వుకున్నాయి. ఆ నవ్వు ఆయన పేరును ఇప్పటికీ వదల్లేదు.

పదవి దిగాక రక్షణ శాఖతో పాటు ‘మార్గదర్శక మంత్రి’ అనే హోదా ఉంచుకున్నారు. ఆ హోదాలోనే, 2018 సెప్టెంబరు 3న, హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. వాదన హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవుల గురించి. 1965లో లండన్ సమావేశం జరుగుతుండగానే, అమెరికా సైనిక స్థావరం కోసం చాగోస్‌ను మారిషస్ నుంచి విడదీయాలని బ్రిటన్ నిర్ణయించుకుంది. ఆ చర్చ అందరి ముందూ జరగలేదు, కొద్దిమంది నాయకులతో పక్క గదుల్లో జరిగింది. రాంగులాంకు ఎలా నచ్చజెప్పాలో బ్రిటిష్ ప్రధాని కోసం అధికారులు రాసిచ్చిన చీటీ దొరికింది. స్వాతంత్ర్యం వస్తుందన్న ఆశతోనూ, దీవుల విషయంలో మొండికేస్తే రాదన్న భయంతోనూ ఆయన్ను ఒప్పించాలన్నది దాని సారం. నష్టపరిహారం 30 లక్షల పౌండ్లు. ఆ ఏడాది నవంబరు 8న చాగోస్ వేరే బ్రిటిష్ ప్రాంతమైంది. 1968, 1973 మధ్య అక్కడి నివాసులందరినీ ఖాళీ చేయించి, ఎక్కువమందిని మారిషస్ రేవులో దించేశారు.

జగన్నాథ్ ఆ సమావేశంలో ఉన్నవాడు. న్యాయమూర్తుల ముందు ఆయన మాట్లాడింది పుస్తకాల్లో చదివిన చరిత్ర కాదు. ఈ దావాను అంతర్జాతీయ వేదికకు ఎక్కించే పనిని ఆయన ప్రభుత్వమే 2016లో భుజాన వేసుకుంది. 2017 జూన్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 94–15 ఓట్లతో విషయాన్ని న్యాయస్థానానికి పంపింది. 2019 ఫిబ్రవరి 25న న్యాయస్థానం 13–1 తేడాతో, మారిషస్ వలస విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదని, బ్రిటన్ వీలైనంత త్వరగా చాగోస్ పాలన ముగించాలని అభిప్రాయం చెప్పింది. మే నెలలో సర్వసభ్య సభ 116–6తో దాన్ని బలపరిచింది. బ్రిటన్ వైపు నిలిచిన దేశాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నైతికంగా ఇది ఆయన రాజకీయ జీవితంలో అతిపెద్ద విజయం. అందులోనూ ఒక ముల్లు ఉంది. దీవుల నుంచి తరిమివేయబడిన చాగోస్ ప్రజలను పోర్ట్ లూయీ మురికివాడల్లో దశాబ్దాలపాటు పట్టించుకోని ప్రభుత్వాల్లో ఆయన ప్రభుత్వాలూ ఉన్నాయి. సార్వభౌమత్వం కోసం పట్టుపట్టినంత పట్టు, ఆ మనుషుల ఇళ్ల కోసం, ఉద్యోగాల కోసం ఏ మారిషస్ నాయకుడూ పట్టలేదు. వాళ్లలో చాలామంది తరువాత బ్రిటన్‌కు వలసపోయారు.

2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఒప్పందంపై సంతకాలు చేశాయి. దాని ప్రకారం చాగోస్‌పై సార్వభౌమత్వం మారిషస్‌ది, అమెరికా స్థావరమున్న డియెగో గార్సియా దీవి మాత్రం 99 ఏళ్ల లీజుకు బ్రిటన్ చేతిలో, సగటున ఏడాదికి పది కోట్ల పౌండ్లకు పైగా అద్దె. మారిషస్ తరఫున సంతకం చేసింది అప్పటి ప్రధాని నవీన్ రాంగులాం. 1965లో లండన్‌లో బ్రిటన్ పక్క గదిలోకి పిలిపించుకుని ఒప్పించిన నాయకుడి కుమారుడు ఆయన. అదే రోజు తెల్లవారుజామున, డియెగో గార్సియాలో పుట్టిన ఇద్దరు మహిళలు తమను అడగకుండా ఈ ఒప్పందం ఏమిటంటూ లండన్ కోర్టుకు వెళ్లారు. కోర్టు కొన్ని గంటలపాటు సంతకాలను ఆపి, మధ్యాహ్నానికి ఆ నిషేధం ఎత్తేసింది.